ఏడో నంబరుకి రెండో రోజు

పడవకి ఇరవై ఒక్క రోజులు

ఈ పుస్తకంలో గెస్టుల సంగతులే రాయాలనీ, రాసేవాళ్ళ బాధలు రాయకూడదనీ మొదటి పేజీలో ఎర్ర సిరాతో ఉంది. గెస్టులు పెట్టే బాధలు కాక నాకు వేరే బాధలేం ఉన్నాయి గనక? రాస్తాను. చదివేవాళ్ళు చదువుకోండి.

ఉదయం ఏడింటికి కరెంటు వచ్చింది. మా పెద్ద పెట్టె, అంటే ఊరి కంప్యూటర్, లేవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. నల్ల తెర, తెల్ల అక్షరాలు, అంతే. బొమ్మలు చూపించే తెర మా పైలంకలో చివరిది పగిలి పదకొండేళ్ళయింది. ఒక్కో గెస్టుకి ఒక్కో లైను కొట్టి తొమ్మిదింటినీ లేపాను. గెస్టంటే ఎప్పుడో మూతపడ్డ కంపెనీ చేసిన ఆపరేటింగ్ సిస్టమ్. తనకో సొంత కంప్యూటర్ ఉందనుకుంటూ మా పెట్టె లోపల బతుకుతుంది. కొత్తవి రాసేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు కాబట్టి పాతవాటినే బతిమాలుకోవాలి. రెండో నంబరు లేస్తేనే ఐస్ ఫ్యాక్టరీ నడుస్తుంది. ఐదో నంబరు లేస్తేనే రేవులో కాటా తూస్తుంది. ఏడో నంబరు సంగతి ఏడాదికోసారి కూడా ఎవరూ అడగరు.

ఇవాళ అడిగారు. కాలువల్లో పూడిక తీసే పడవ మీద పనిచేసే గంగారత్నం, కూతురు పగడాన్ని తీసుకొచ్చింది. పగడానికి ఏడేళ్ళు. పుట్టు చెవుడు. రెండేళ్ళప్పుడు, ఇప్పుడు మూతపడ్డ పట్నం ఆసుపత్రిలో తల లోపల ఏదో యంత్రం పెట్టారు, చెవి వెనక తగిలించుకునే డబ్బా ఒకటి ఇచ్చారు. దాంతో శుభ్రంగా వినేది, గలగలా మాట్లాడేది. పోయిన నెల పిడుగు పడ్డ రోజు డబ్బా చార్జింగులో ఉంది. అందులో ఆ పిల్ల చెవికి సరిపెట్టిన లెక్కలన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. మాట్లాడటం మర్చిపోలేదు గానీ ఒక్క ముక్క వినపడదు, మన పెదాలు చూసి పోల్చుకుంటుంది. ఆ లెక్కలు మళ్ళీ సరిపెట్టే ప్రోగ్రాం ఏడో నంబరులో ఉంది.

"పడవ ఇరవై ఒక్క రోజుల్లో కదుల్తాదక్కా. ఆరు నెల్లు. పడవ కూత ఇనపడనోళ్ళని ఎక్కించరు. దీన్ని హాస్టల్లో పడెయ్యమంటన్నారు," అంది గంగారత్నం. "నాకూ దీనికీ ఇంకెవరూ లేరు. ఆడ వొదిలేసి నేనేం పని చేస్తాను చెప్పు?"

ప్రోగ్రాం నియమం తెర మీద చదివాను. ఎనిమిది సిట్టింగులు. రోజుకి ఒకటే, మూడు గంటలు. ఇరవై ఒక్క రోజులుంటే ఎనిమిదెంత, హాయిగా అయిపోతుందన్నాను. నా నోరు కాలిపోను.

ఏడో నంబరుకి బొమ్మల తెర కావాలి. అది బొమ్మ గీసి "ఇక్కడ నొక్కు" అంటుంది. మన దగ్గర అక్షరాలు తప్ప బొమ్మ కనపడదు. అందుకని దాని తెరను ఫొటో తీయమని కమాండ్ ఇచ్చి, చుక్కల ప్రింటర్లో అచ్చేసి, కాగితం మీద స్కేలు పెట్టి బటన్ ఎక్కడుందో కొలిచి, మౌసుని అడ్డంగా ఇంత, నిలువుగా ఇంత జరపమని కమాండ్ కొట్టి, అప్పుడు నొక్కమని ఇంకో కమాండ్ కొట్టాలి. ఒక్క బటన్‌కి పావుగంట. ఒకసారి కొలిచిన బటన్ల లెక్కలు గోడ మీద రాసుకుంటాం కాబట్టి బతికిపోయాం. "ఈ ఉత్పత్తిని రిజిస్టర్ చేసుకుంటారా?" అని తెర మీద కొత్త ప్రశ్న ఒకటి అడ్డం వచ్చింది. "నీ దుంప తెగ!" అన్నాను. పగడం నా పెదాలు చూసి కిసుక్కుమంది. మొదటి సిట్టింగు అయింది.

పడవకి ఇరవై రోజులు

ఏడో నంబరుని లేపి డబ్బా తగిలించాను. "కొత్త రోగికి స్వాగతం, మొదటి సిట్టింగు మొదలుపెట్టండి," అంది. డబ్బా ఏమో, "మొదటి సిట్టింగు అయిపోయింది, రెండోది చెయ్యండి," అంటుంది. నిన్న మూడు గంటలు మా ఎదురుగా కూర్చున్న గెస్టు, ఇవాళ మమ్మల్ని ఎవరో పరాయివాళ్ళలా చూస్తోంది. డబ్బా గుర్తుపెట్టుకుంది, అది మర్చిపోయింది.

రెండు నిమిషాల్లో కారణం తట్టింది. సత్తిరాజు.

సత్తిరాజు మధ్యాహ్నం షిఫ్టు. సాయంత్రం నాలుగింటికి కరెంటు పోయే ముందు గంట కొట్టి, గెస్టులన్నిటినీ మొదటి రోజుకి పంపుతాడు. అంటే, ప్రతి గెస్టుకీ మొదటి రోజు నాటి నకలు ఒకటి దాచి ఉంటుంది, దాన్ని తెచ్చి మీద పరిచేస్తాడు. ఈ ప్రోగ్రాములన్నిటికీ లైసెన్సు పది రోజులో నెల రోజులో ఉంటుంది. కంపెనీలు చచ్చిపోయాయి, లైసెన్సు ఇచ్చేవాళ్ళు లేరు. అందుకని వాటికి ఎప్పటికీ రెండో రోజు రానివ్వం. రోజూ మొదటి రోజే. అరవై ఏళ్ళుగా పైలంక ఇలాగే నడుస్తోంది.

మధ్యాహ్నం ఆయన రాగానే చెప్పాను. ఏడో నంబరుని ముట్టుకోవద్దని.

"అదెలాగండీ మాణిక్యమ్మగారూ, ఆనవాయితీ కదండీ."

"ఆనవాయితీ పట్టుకుని ఆ పిల్లని హాస్టల్‌కి తోలేద్దామా?"

అరగంట నసిగాడు. చివరికి, "ఆయ్, అలాగేనండి, ఏడో నంబరు వొదిలేస్తానండి," అన్నాడు. డబ్బాకి వెనక ఉన్న చిన్న బెజ్జంలో సూది గుచ్చితే అది కూడా మొదటికి వస్తుంది. గుచ్చి, మొదటి సిట్టింగు మళ్ళీ చేశాం. పోతే పోయింది ఒక రోజు.

పడవకి పంతొమ్మిది రోజులు

"కొత్త రోగికి స్వాగతం."

ఒళ్ళు మండిపోయింది. సత్తిరాజు వచ్చేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను. గొడుగు ముడుచుకోకముందే అందుకున్నాను. ఆయన, "నేను ముట్టలేదండి, మా అమ్మ తోడండి," అన్నాడు. మనిషికి మతిమరుపు వచ్చిందనీ, చేతులు వాటంతట అవే పనిచేసుకుపోతున్నాయనీ, వాటికీ ఆయనకీ సంబంధం లేదనీ నేనన్నాను. ఐస్ ఫ్యాక్టరీ వాళ్ళిద్దరు కిటికీ దగ్గర నిలబడి వింటున్నారు. ఆయన మొహం ఎర్రబడింది.

సూది, మొదటి సిట్టింగు, మూడు గంటలు.

పడవకి పదిహేడు రోజులు

నిన్న కూడా అదే భాగోతం. అందుకని సాయంత్రం నాలుగింటిదాకా నేనే కూర్చున్నాను. గెస్టుల్ని నేనే ఆపాను. సత్తిరాజు గంట కొట్టబోతే గంట లాక్కున్నాను. కీబోర్డు పీకి కొంగులో చుట్టుకుని ఇంటికి తీసుకుపోయాను. ఊరంతటికీ ఉన్నది అదొక్కటే. ఇప్పుడెవడు ముడతాడో చూస్తానన్నాను.

ఇవాళ పొద్దున్న కీబోర్డు ఇంట్లో మర్చిపోయి వచ్చాను. మళ్ళీ దోనెలో వెనక్కి వెళ్ళి తెచ్చేసరికి ఐస్ ఫ్యాక్టరీ వాళ్ళు, కాటా వాళ్ళు వరసగా నిలబడి నన్ను దీవిస్తున్నారు. తల దించుకుని పెట్టెకి తగిలించి, ఏడో నంబరు లైను కొట్టాను.

"కొత్త రోగికి స్వాగతం."

సత్తిరాజు కాదన్నమాట. ఆయనకి ఆ మాట చెప్పాలి. రేపు చెబుతాను.

పడవకి పదమూడు రోజులు

చెప్పలేదు. తీరిక ఎక్కడుంది? డిస్కు చెడిపోయిందేమోనని రెండు రోజులు పరీక్ష చేశాను. బ్రహ్మాండంగా ఉంది. డబ్బా కేబుల్ మార్చాను. గంగారత్నాన్ని నిలదీశాను, పిల్ల ఇంటి దగ్గర సూదితో ఆడుకుంటోందా అని.

"నా కూతురు అలాంటిది కాదు," అంది. నోరు చిన్నదే గానీ మాట గట్టిది. "నీకు చేతకాకపోతే చేతకాదని చెప్పక్కా. దాని మీదెందుకు పెడతావు?"

ఇరవై రెండేళ్ళుగా ఈ కుర్చీలో కూర్చున్నాను. నాకు చేతకాదని ఎవరూ అనలేదు. ఇంటికెళ్ళి అన్నం తినలేదు. కోపమనుకున్నాను గానీ కోపం కాదు, భయం. ఎనిమిది సిట్టింగులకి ఎనిమిది రోజులు కావాలి. ఉన్నవి పదమూడు.

పడవకి పదకొండు రోజులు

పగడం రోజూ వస్తోంది. వాళ్ళమ్మ పనికి వెళ్తూ దింపి వెళ్తోంది. సిట్టింగులో బీప్ వినపడితే వేలెత్తాలి. మొదటి సిట్టింగులో వచ్చేది ఏదో గుడగుడ అట, అది ఎక్కడ వస్తుందో దానికి కంఠతా వచ్చేసింది. బీప్ కంటే ముందే వేలెత్తుతోంది. "నిజంగా వినపడితేనే ఎత్తాలే," అని పెదాలు సాగదీసి చెప్పాను. "రోజూ ఇదేగా అత్తా, నాకు విసుగొస్తోంది," అంది. నాకు మాత్రం పండగలా ఉందా?

మిగతా టైములో అచ్చేసిన కాగితాల వెనక బొమ్మలు వేసుకుంటుంది. ఒక దాని మీద నన్ను వేసింది. నోరు మొహం కంటే పెద్దదిగా ఉంది.

పడవకి తొమ్మిది రోజులు

ఇవాళ డబ్బా తగిలించలేదు. ఏం లాభం? గంగారత్నానికి ఏం చెప్పాలో అనుకుంటూ మధ్యాహ్నం దాకా గోడకేసి చూస్తూ కూర్చున్నాను. సత్తిరాజు వచ్చి తన పని తాను చేసుకుంటున్నాడు.

పగడం నేల మీద కూర్చుని కాగితం వెనక కీబోర్డు గీసింది. ఏ అక్షరం ఎక్కడుందో ఒక్కటి తప్పకుండా గీసింది. తర్వాత దాని ముందు బాసిపట్టు వేసుకుని నేనైపోయింది. జడ వెనక్కి విసిరింది. నడుం పట్టుకుని మూలిగింది. "లెగవే తల్లీ," అంది. ఆ తర్వాత రెండు చేతులతో టకటకా కొట్టడం మొదలుపెట్టింది.

ఏడో నంబరుని లేపే లైను అది. నాకు నవ్వొచ్చింది. ఆ లైను మా గురువుగారు పేరిందేవమ్మగారు నా చేత మొదటి రోజే వల్లె వేయించారు. చూసి కొట్టకూడదు, ఆలోచించి కొట్టకూడదు, చేతికి రావాలి అనేవారు. నాకు చేతికి వచ్చేసింది. పిల్ల వేళ్ళ వెంట నేనూ మనసులో చెప్పుకుంటున్నాను. జ్ఞాపకశక్తి ఇంత, డిస్కు ఇది, కేబుల్ ఇది. అయిపోయింది.

అయిపోయిందని నేను అనుకున్న చోట దాని వేళ్ళు ఆగలేదు. ఇంకో ఖాళీ, ఒక గీత, ఎనిమిది అక్షరాలు కొట్టింది. అప్పుడు ఎంటర్ నొక్కి, "నీ దుంప తెగ," అంది.

"ఏయ్, మళ్ళీ కొట్టు," అన్నాను భుజం పట్టుకుని. భయపడింది. "తిట్టనులే. మళ్ళీ కొట్టవే నా తల్లి."

మళ్ళీ కొట్టింది. లైను చివర ఒక మాట ఉంది. ఇరవై రెండేళ్ళుగా రోజుకి తొమ్మిది సార్లు కొడుతున్నాను. ఒక్కసారి కూడా చూడలేదు. ఈ పిల్లకి చెవులు లేవు కాబట్టి నా వేళ్ళు చూస్తూ కూర్చుంది.

పేరిందేవమ్మగారి చేతిరాత పుస్తకం అటక మీద నుంచి దింపాను. ఆ మాట ఎదురుగా ఇలా ఉంది: ఈ మాట పెడితే గెస్టు ఆ రోజు రాసుకున్నదేదీ డిస్కులో నిలవదు, ఆపగానే పోతుంది. సాయంత్రం షిఫ్టు వాళ్ళు మొదటి రోజుకి పంపడం మర్చిపోయినా ప్రమాదం లేకుండా అన్ని లైన్లలోనూ పెట్టాను.

అంటే రోజూ పొద్దున్న ఏడో నంబరుకి మతిమరుపు మందు పోస్తున్నది నేనే. పన్నెండు రోజులుగా ఊళ్ళో అందర్నీ తిట్టాను, తప్పు చేసింది నా చేతులే.

సత్తిరాజు దగ్గరికి వెళ్ళి పుస్తకం చూపించాను. చదివాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"అయితే మాణిక్యమ్మగారూ, ఇన్నేళ్ళూ సాయంత్రం నేను మొదటి రోజుకి పంపుతున్న గెస్టులు..."

"ముందే మొదటి రోజులో ఉన్నాయి."

"గంట కూడా కొట్టేవాణ్ణండీ," అన్నాడు.

క్షమించమన్నాను. ఐస్ ఫ్యాక్టరీ వాళ్ళ ముందు అన్నాను కాబట్టి వాళ్ళని పిలిచి వాళ్ళ ముందే అడిగాను. సత్తిరాజు, "అంత వొద్దండి," అంటూనే చివరిదాకా విన్నాడు.

మూడు దాటింది. ఇవాళ సిట్టింగుకి టైము లేదు. మిగిలినవి సరిగ్గా ఎనిమిది రోజులు.

పడవకి ఎనిమిది రోజులు

ఏడో నంబరు లైను చివర ఆ మాట తీసేసి కొట్టాను. చెయ్యి వినలేదు, రెండుసార్లు దానంతట అదే కొట్టేసింది. మూడోసారి ఒంటి వేలితో, ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టాను. మొదటి సిట్టింగు. ఇది ఎన్నో మొదటిదో లెక్క పెట్టదలుచుకోలేదు.

పడవకి ఏడు రోజులు

"తిరిగి స్వాగతం, పగడం. రెండో సిట్టింగుకి సిద్ధమా?"

కుర్చీలోంచి లేచి గదంతా ఒక చుట్టు తిరిగి వచ్చి మళ్ళీ చదివాను. గంగారత్నం వచ్చినప్పుడు ఆ కాగితం అచ్చేసి చేతిలో పెట్టాను. తనకి ఇంగ్లీషు రాదు. అయినా మడిచి రవికలో దాచుకుంది.

పడవకి నాలుగు రోజులు

ఒక సంగతి మేం ఆలోచించలేదు. ఏడో నంబరు రెండో రోజు ఎలా ఉంటుందో, మూడో రోజు ఏమంటుందో పైలంకలో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. అది పెరుగుతోంది. పెరిగిన కొద్దీ కోరికలు. మొన్న తెర మీద ఇంకో ప్రశ్న వచ్చి, మా సేవ ఎలా ఉందో చెప్పమంది. ఆ కంపెనీలో పనిచేసినవాళ్ళ మనవలు కూడా పోయి ఉంటారు. చాలా బాగుంది అనే బటన్ కొలిచి నొక్కాను, పీడ వదిలింది.

ఇవాళ ఐదో సిట్టింగు సగంలో ఉండగా ఏడో నంబరు కీబోర్డుకి పలకడం మానేసింది, బయట పెద్ద పెట్టెకి ఇచ్చే కమాండ్లు మాత్రం పనిచేస్తున్నాయి. అంటే లోపల ఏదో అడ్డం వచ్చింది. ఫొటో తీసి అచ్చేశాను. ప్రింటర్ గీసుకుంటూ గీసుకుంటూ ఏడు నిమిషాలకి కాగితం వదిలింది. "అప్‌డేట్ కోసం పది నిమిషాల్లో ఆగి మళ్ళీ మొదలవుతాను. ఇప్పుడే ఆగమంటారా, తర్వాత ఆగమంటారా?"

ఆ పది నిమిషాల్లో ఏడు ప్రింటరే మింగేసింది. సిట్టింగు మధ్యలో ఆగితే ఆ రోజు పోతుంది. పోవడానికి మన దగ్గర రోజు లేదు.

"సత్తిరాజూ, స్కేలు!"

ఆయన షిఫ్టు కాదు. అయినా మూడు రోజులుగా పొద్దున్నే వచ్చి కూర్చుంటున్నాడు. కాగితం బల్ల మీద పరిచి ముక్కు ఆనించి కొలిచాడు. "అడ్డం నాలుగొందల పన్నెండండి. నిలువు మూడొందల ఐదండి."

కొట్టాను. నొక్కమన్నాను. ఏడో నంబరు ఇంకా పలకలేదు. తగల్లేదు.

"సరిగ్గా చూడవయ్యా బాబూ!"

"కాగితం తడిసి సాగిందండి, నా చెమటండి. ఉండండి, ఈ పక్కనుంచి కొలుస్తాను. మూడొందల తొంభై ఆరు. అదేనండి, కొట్టండి."

ఆ లెక్కలో పొరపాటుంటే మౌసు పక్కనున్న "ఇప్పుడే" అనే బటన్ మీద పడుతుంది. ఇంకో కాగితం అచ్చేసి సరిచూసుకునే టైము లేదు. పగడం మా ఇద్దరి మొహాలూ చూస్తూ వేలు గాల్లో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. "నీ దుంప తెగ, తగులు," అంటూ కొట్టాను.

ఏడో నంబరు పలికింది. సత్తిరాజు కుర్చీలో కూలబడి, "ఈ గెస్టులకి రెండో రోజు ఎందుకు రానివ్వరో ఇప్పుడు తెలిసిందండి," అన్నాడు. ముగ్గురం మరమరాలు తిని సిట్టింగు పూర్తి చేశాం.

పడవకి మూడు రోజులు

ఆరో సిట్టింగులో పగడానికి మాటలు వినపడటం మొదలైంది. డబ్బా తగిలించుకుని నా వైపు తిరిగి, "అత్తా, నీ గొంతు రేకు మీద కంకర పోసినట్టుంది," అంది. సంతోషంతో ఒక మొట్టికాయ వేశాను.

పడవకి ఒక్క రోజు

ఎనిమిదోది, ఆఖరిది. ఇందులో ప్రోగ్రాం బీపులు పెట్టదు. దగ్గరి మనిషి ఒకరు మామూలుగా మాట్లాడాలి, తర్వాత మెల్లగా, తర్వాత గొణిగినట్టు. ఎక్కడిదాకా వినపడుతోందో చూసి దాన్నే ఆఖరి మెట్టుగా పెట్టుకుంటుంది. గంగారత్నం రావాల్సింది, పడవలో సరుకు ఎక్కించే పని పడి రాలేదు. నేనే మాట్లాడాల్సి వచ్చింది.

ఏం మాట్లాడాలి? మనుషులతో సావకాశంగా మాట్లాడటం నాకు అలవాటు తప్పిపోయింది. పెట్టెతో మాట్లాడినట్టే మాట్లాడాను. ఈ గెస్టుల్ని, ప్రింటర్ని, కరెంటుని, ఊరి కమిటీని వరసబెట్టి తిట్టాను. మెల్లగా తిట్టాను. చివరికి పెదాలు కదలకుండా గొణిగాను. పగడం గోడ వైపు తిరిగి కూర్చుని ఒక్కో తిట్టుకీ వేలెత్తుతూనే ఉంది. నా గొణుగుడు దగ్గర ఏడో నంబరు "పూర్తయింది" అని రాసింది.

లైసెన్సు ఇంకో రెండు రోజులుంది. సత్తిరాజు ఉండలేకపోయాడు. నాలుగింటికి గంట కొట్టి, ఏడో నంబరుని మొదటి రోజుకి పంపాడు. నేనెరిగిన ఇరవై రెండేళ్ళలో మొదటిసారి నిజంగా పంపాడు. "ఇప్పుడు పోయిందండి, అంతా మర్చిపోయింది," అన్నాడు, కొంచెం దిగులుగా. రేపు ఏదైనా తేడా వస్తే మళ్ళీ మొదటి సిట్టింగే.

పడవ కదిలే రోజు

రేవు మీద పరీక్ష. సరంగు యేసోబుగారు పడవకి పెద్ద. మంచివాడే గానీ నియమాల పుస్తకం మనిషి. పిల్లకి ముందుగా ఏమీ చెప్పకూడదట, చెబితే పరీక్ష కాదట. పగడాన్ని రేవు చివర సముద్రం వైపు తిప్పి నిలబెట్టారు. మేం ఇరవై అడుగులు వెనక ఉన్నాం. గాలి హోరుమంటోంది. పడవ కూత వేస్తే పిల్ల వెనక్కి తిరగాలి. మూడుసార్లు వేస్తారు.

మొదటి కూత వేశారు. పగడం స్తంభానికి పట్టిన పీతల్ని చూస్తోంది. తిరగలేదు.

రెండో కూత. వంగి ఇంకా దగ్గరగా చూస్తోంది.

మూడో కూత. నా పక్కనున్న సత్తిరాజు చెవులు మూసుకున్నాడు. పిల్ల కదల్లేదు.

యేసోబుగారు కలం మూత తీశారు. "నేనేం చెయ్యనమ్మా గంగారత్నం, నియమం," అన్నారు. గంగారత్నం ఏడవలేదు, అరవలేదు. రవికలోంచి ఆ మడిచిన కాగితం తీసి చేత్తో పట్టుకుని నిలబడింది, దాన్ని చూపిస్తే ఏమైనా ఒప్పుకుంటారేమో అన్నట్టు. ఏడో నంబరు మర్చిపోయింది, పడవ గంటలో పోతుంది, ఇక చేయడానికేమీ లేదు. నోట్లోనే అనుకున్నాను, "నీ దుంప తెగ," అని. ఎవర్నన్నానో నాకే తెలియదు. నన్నే అయ్యుంటుంది.

పగడం గిరుక్కున వెనక్కి తిరిగింది.

"అత్తా, పెట్టె ఇక్కడ లేదుగా! ఎవర్ని తిడుతున్నావు?"

యేసోబుగారు నా వైపు చూశారు. "మీరేమన్నారండీ? నాకేం వినపళ్ళేదే."

గంగారత్నం పరుగెత్తి పిల్ల ముందు మోకాళ్ళ మీద కూలబడి, రెండు భుజాలూ పట్టుకుని కుదిపింది. "కూత ఇనపళ్ళేదంటే? మూడుసార్లు ఏశారు గదే!"

"వినపడింది. మూడుసార్లు వేశారు," అంది పగడం. "కూత పడవది కదమ్మా. నన్నేమైనా పిలిచిందా?"

యేసోబుగారు చాలాసేపు గడ్డం గోక్కున్నారు. పుస్తకం తెరిచి చదువుకున్నారు. వెనకనుంచి వచ్చిన చప్పుడుకి మనిషి తిరిగితే చాలట, అది కూతే కావాలని లేదట. కాకపోతే ఏం విని తిరిగిందో ఆ మాట ఉన్నదున్నట్టు రిజిస్టరులో రాయాలి, అన్నవాళ్ళు పక్కన సంతకం పెట్టాలి.

"ఏమన్నారో చెప్పండి మాణిక్యమ్మగారూ, రాసుకుంటాను."

సిగ్గుతో చచ్చిపోయాను. పగడమే చెప్పింది, గట్టిగా, రేవంతా వినపడేలా. ఆయన అక్షరం పొల్లుపోకుండా రాశారు. పూడిక పడవ రిజిస్టరులో, పగడం పేరుకి ఎదురుగా, విన్న మాట అనే గడిలో అది ఉంది. దాని పక్కన నా సంతకం ఉంది. కొంచెం అలుక్కుపోయింది, కళ్ళు తుడుచుకున్న చేత్తోనే పెట్టాను.